మూసేసేది వాళ్లు, నోటీసు మేమివ్వాలా?

ఈ ఉత్తరం ఒక తల్లి రాసింది. పేరు, ఊరు రాయలేదు. పొడుగ్గా ఉంది కాబట్టి కుదించి చెబుతున్నాను.

ఆవిడ పాపకు మూడేళ్లు. ఏడాదిన్నరగా ఒకే నర్సరీకి వెళ్తోంది. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు. పగటిపూట పాపను చూసుకునే మనిషి ఇంట్లో లేరు. 26వ తేదీ మంగళవారం సాయంత్రం నర్సరీ నుంచి అందరు తల్లిదండ్రులకూ ఒక మెసేజ్ వచ్చింది: "అనివార్య కారణాల వల్ల నర్సరీ మూసివేస్తున్నాం. వచ్చే నెల 18 ఆఖరి రోజు." అంటే 23 రోజుల గడువు.

చేరేటప్పుడు సంతకం చేసిన అగ్రిమెంట్ ఆవిడ తీసి చూశారు. పాపను మాన్పించాలంటే రెండు నెలల ముందు కాగితం మీద చెప్పాలి, లేకపోతే ఆ రెండు నెలల ఫీజూ కట్టాలి అని అందులో ఉంది. నర్సరీయే మూతపడితే ఏమిటన్న దానికి మాత్రం ఒకటే వాక్యం: "యాజమాన్యం తన నిర్ణయం మేరకు ఎప్పుడైనా సేవలు నిలిపివేయవచ్చు." ఒక నెల ఫీజంత డిపాజిట్ వాళ్ల దగ్గరుంది. మెటీరియల్, యాక్టివిటీ ఫీజు పన్నెండు నెలలకూ ముందే కట్టేశారు. ఆరు నెలలు అయ్యాయి. పైగా వచ్చే నెలకు పూర్తి ఫీజు 1వ తేదీ సోమవారంలోగా కట్టమని మామూలుగానే బిల్లు పంపారు.

సెలవు పెట్టి తిరిగితే ఇంకో చోట ఒకే ఒక సీటు దొరికింది. 8వ తేదీ సోమవారం చేర్చాలి, లేకపోతే వరసలో ఉన్న వాళ్లకు ఇచ్చేస్తారు. ఆ మాట పాత నర్సరీ ఆఫీసులో చెబితే, "18కి ముందే తీసుకెళ్తే అది మీ అంతట మీరు మాన్పించినట్టే. రెండు నెలల నోటీస్ ఫీజు పడుతుంది, డిపాజిట్ అందులో సర్దుకుంటాం" అన్నారు. భర్త ఇక ఏమీ కట్టొద్దు అంటున్నారు. ఈవిడ బాధ వేరు. నర్సరీ నడిపే ఆవిడ గేటు దగ్గర ఈవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చారట. "పాపను సొంత బిడ్డలా చూసిన మనిషి. ఈ సమయంలో లెక్కలు అడగడం నీచంగా ఉండదా? అయినా మూసేసేది వాళ్లైతే నోటీసు మేమెందుకివ్వాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అని ముగించారు.

సమాధానం:

మీ ఉత్తరం చదివిన రోజే, వరసలో ముందున్న వాటిని పక్కన పెట్టి జవాబు రాస్తున్నాను. 1వ తేదీకి ఇంక మూడు రోజులే ఉంది. ఆ బిల్లు కట్టకముందు చేయాల్సిన పనులు, కట్టాక చేయాల్సిన పనులు ఒకటి కావు.

ముందు నోటీసు సంగతి. అసలు నోటీస్ ఫీజు ఎందుకు పెడతారు? మీరు హఠాత్తుగా పాపను తీసుకెళ్లిపోతే ఆ సీటు ఖాళీగా ఉంటుంది. ఇంకో బిడ్డ చేరేదాకా టీచర్ల జీతాలూ, అద్దే ఆగవు. ఆ నష్టం పూడ్చుకోవడానికే రెండు నెలలు. మీ విషయంలో 19వ తేదీ నుంచి అక్కడ సీటే ఉండదు. లేని సీటు ఖాళీ అవదు కదా! ఆ తేదీ తర్వాత వాళ్లు ఇవ్వలేని సేవకు మీ దగ్గర ఫీజు అడగడానికి ఆధారం లేదు. మహా అయితే మీరు వెళ్లే రోజుకూ 18కీ మధ్య ఉన్న రోజుల గురించి మాట్లాడుకోవచ్చు. 5వ తేదీ శుక్రవారం పాపకు అక్కడ ఆఖరి రోజు అనుకుంటే, 8 నుంచి 18 దాకా తొమ్మిది పనిదినాలు. వాదన ఉన్నది ఆ తొమ్మిది రోజుల మీదే. రెండు నెలల మాట చెప్పిన ఆఫీసు మనిషి బహుశా అలవాటు కొద్దీ అని ఉంటారు. మామూలు రోజుల్లో మానేసే వాళ్లకు చెప్పే జవాబే మీకూ చెప్పారు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది, జాగ్రత్త. కాంట్రాక్టును ఎవరు ముగించారు అన్నది మీరు రాసే మొదటి వాక్యాన్ని బట్టి మారిపోగలదు. "మేము పాపను మాన్పిస్తున్నాం" అని మెసేజ్ పెట్టారో, అది మీ వైపు నుంచి వెళ్లిన విత్‌డ్రాయల్ అని వాళ్లు పట్టుకోవచ్చు. వాళ్లు "18కి ముందే వెళ్తే" అనడంలోని లోగుట్టు అదే. కాబట్టి ఏం రాసినా "మీరు 26వ తేదీన మూసివేత ప్రకటించినందువల్ల" అన్న మాటతోనే మొదలుపెట్టండి. వాళ్లిచ్చే విత్‌డ్రాయల్ ఫారం మీద సంతకం చేయొద్దు. చేయక తప్పకపోతే కారణం గడిలో అదే మాట రాసి, ఫొటో తీసుకుని అప్పుడు ఇవ్వండి. 26నాటి మెసేజ్ స్క్రీన్‌షాట్ ఇప్పుడే తీసి మీ మెయిల్‌కు పంపుకోండి. నర్సరీ మూతపడ్డాక ఆ గ్రూపు ఉంటుందో లేదో చెప్పలేం.

ఇక "ఎప్పుడైనా నిలిపివేయవచ్చు" అన్న వాక్యం. తల్లిదండ్రులకేమో రెండు నెలలు, తమకేమో సున్నా. సంతకం పెట్టాం కాబట్టి కట్టుబడాల్సిందే అని మీరు అనుకుంటున్నట్టుంది. అలా ఏం లేదు. మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు కానీ, ఇలాంటి ఏకపక్షపు షరతులను చాలా చోట్ల చట్టం అనుమానంగానే చూస్తుంది. వినియోగదారు మానుకుంటే డబ్బు ఉంచేసుకుని, తామే మానుకుంటే సమానమైన పరిహారం ఇవ్వని షరతు అన్యాయం కావచ్చని ఐరోపా దేశాలు 1993లోనే ఒక ఆదేశంలో ఉదాహరణగా రాసుకున్నాయి. బ్రిటన్ 2015లో చేసిన వినియోగదారుల హక్కుల చట్టంలోనూ అలాంటి జాబితాయే ఉంది. మన దేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం సరైన కారణం లేకుండా ఒక పక్షమే కాంట్రాక్టు రద్దు చేసుకోగల షరతునూ, మితిమీరిన డిపాజిట్‌నూ అన్యాయపు కాంట్రాక్టు లక్షణాలుగా చెబుతుంది. నోటీస్ ఫీజు లాంటి ముందే రాసిపెట్టుకున్న మొత్తాల గురించి 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 74వ సెక్షన్ ఉంది. కాగితం మీద ఎంత రాసుకున్నా, దక్కేది ఆ మొత్తానికి లోబడి సమంజసమైన పరిహారమే. ఇవన్నీ వాళ్ల ముందు వల్లించమని చెప్పడం లేదు. "సంతకం పెట్టాంగా" అని మీరే ముందు ఓడిపోకుండా ఉండటానికి చెబుతున్నాను.

న్యాయం మీ వైపు ఉండటం ఒకటి, డబ్బు మీ చేతికి రావడం ఇంకొకటి. ఈ రెండోదాన్ని మీరిద్దరూ సరిగా చూడలేదనిపిస్తోంది. నర్సరీ ఎందుకు మూతపడుతోంది? భవనం లీజు అయిపోయిందా, నడిపే ఆవిడకు ఓపిక తగ్గిందా, అప్పులా? అప్పులే అయితే లెక్క మారిపోతుంది. నర్సరీ ఒక కంపెనీ పేరు మీద ఉండి, అది దివాలా తీస్తే, డిపాజిట్ రావాల్సిన తల్లిదండ్రులు సాధారణంగా తాకట్టు ఏదీ లేకుండా అప్పిచ్చిన వాళ్ల వరసలో నిలబడతారు. తాకట్టు పెట్టుకున్న బ్యాంకులు ముందుంటాయి, చాలా దేశాల్లో ఉద్యోగుల జీతాల బాకీలూ ముందుంటాయి. మీ దాకా వచ్చేసరికి ఏమీ మిగలకపోవచ్చు. ఆవిడ సొంతంగా నడుపుతున్నదైతే బాధ్యత నేరుగా ఆవిడదే అవుతుంది. మీ రసీదు మీద ఎవరి పేరుందో చూడండి. గేటు మీది బోర్డు పెద్ద బ్రాండుదైనా రసీదు వేరే పేరుతో ఉంటే, మీకు బాకీ ఉన్నది రసీదు మీది పేరే. ఇంకో మాట కూడా అడగండి: నిజంగా మూసేస్తున్నారా, ఇంకొకరికి అప్పగిస్తున్నారా? అప్పగించడమైతే డిపాజిట్లు కొత్త యజమానికి వెళ్తాయా అన్నది రాతలో కావాలి.

ఈ పరిస్థితిలో మీ చేతిలో ఉన్న బలం ఇంకా కట్టని బిల్లు ఒక్కటే. అందుకే 1వ తేదీకి ముందే మాట్లాడమంటున్నాను.

మీ ముందున్న దారులు చూద్దాం. వచ్చే నెలలో 22 పనిదినాలున్నాయి, 18 దాకా వచ్చేవి 14.

18 దాకా ఉండటం మొదటిది. అప్పుడు నోటీసు మాటే రాదు. 14 రోజుల ఫీజు మీరివ్వాలి, డిపాజిట్ వాళ్లివ్వాలి. పూర్తి నెల బిల్లు మాత్రం ఎట్టి పరిస్థితుల్లో కట్టొద్దు, మార్చి పంపమనండి. రోజుల లెక్క ఎలా అన్నది కూడా చూసుకోండి. పనిదినాల లెక్కలో 22కి 14, క్యాలెండర్ లెక్కలో 30కి 18. రెండోది మీకు కాస్త తక్కువ పడుతుంది. అగ్రిమెంట్‌లో ఏదుంటే అది, ఏమీ లేకపోతే గొడవ పడేంత తేడా కాదు. ఈ దారిలో చిక్కు కొత్త సీటు. 8 నుంచి ఫీజు కడతాం, పాప 22న చేరుతుంది అంటే వాళ్లు ఒప్పుకుంటారేమో అడగండి, కొన్ని చోట్ల ఒప్పుకుంటారు. కొన్ని రోజులు రెండు చోట్లా కట్టాలి, నిజమే. పైగా మూతపడబోయే చోట ఆఖరి రోజులు మునుపటిలా ఉండవు. టీచర్లు వేరే ఉద్యోగాలు చూసుకుంటారు, ఒకరి తర్వాత ఒకరు మానేస్తారు. మీ పాపను రోజూ ఎత్తుకునే టీచరు 18 దాకా ఉంటారా అని ఆమెనే అడగండి. ఉండరంటే అక్కడ ఉండి పాపకు ఒరిగేది పెద్దగా లేదు.

మీ భర్త చెప్పింది రెండో దారి. ఏమీ కట్టకుండా, డిపాజిట్‌తో చెల్లు పెట్టేయడం. ఆయన మాట మొరటుగా ఉంది కానీ తెలివి తక్కువది కాదు. నర్సరీ అప్పుల్లో ఉంటే డబ్బు పరంగా అన్నిటికన్నా భద్రమైన పని అదే. కానీ చెప్పకుండా చేస్తే ఫలితం పాప మీద పడుతుంది. డిపాజిట్‌ను నెల ఫీజు కింద సర్దుకోకూడదని చాలా అగ్రిమెంట్లలో ఉంటుంది, మీ దాంట్లోనూ ఉండొచ్చు. 2వ తేదీ పొద్దున గేటు దగ్గర "ఫీజు రాలేదు" అని ఆపేస్తే, ఆ రోజు ఎవరు సెలవు పెడతారు?

నేనైతే మూడో దారి పడతాను. ఆయన ఆలోచననే, వాళ్ల ఒప్పుకోలుతో చేయడం. పాపను 5 వరకే పంపుతాను, అయినా 18 దాకా ఫీజు ఇస్తాను, అది డిపాజిట్‌లోంచి తీసుకోండి అనండి. పంపని తొమ్మిది రోజులకు మీరు ఫీజు వదులుకుంటున్నారు. దానికి బదులుగా రెండు నెలల నోటీసు మాట ఉండదని వాళ్లు రాసివ్వాలి. డిపాజిట్ 22 రోజులకు సమానం కాబట్టి 14 పోగా ఎనిమిది రోజుల ఫీజు మీకు రావాలి. దాంతోపాటు యాక్టివిటీ ఫీజులో మిగిలిన అయిదు నెలల పైచిలుకు భాగం. "మెటీరియల్ ముందే కొనేశాం" అంటారు. అలా అంటే, కొన్నవాటిలో పాప వంతు ఇచ్చేయమనండి. రంగులు, పుస్తకాలు ఇంటికి తెచ్చుకుంటే సగం గొడవ తీరుతుంది. ఈ బేరంలో వాళ్లకూ లాభమే. చేతిలోంచి డబ్బు తీసివ్వాల్సింది తక్కువ, వాదించే మనిషి ఒకరు తగ్గుతారు. తొమ్మిది రోజులు ఎందుకు వదులుకోవాలి అని మీకనిపించవచ్చు. వదులుకోకుండానూ అడగొచ్చు, తప్పేం లేదు. ప్రశాంతంగా బయటపడటానికి ఆ ధర ఎక్కువ కాదని నా లెక్క.

రాయాల్సింది ఇంతే, ఇంతకన్నా పొడుగు వద్దు:

"మీరు 26వ తేదీన ప్రకటించిన మూసివేత వల్ల పాపకు వేరే ఏర్పాటు చేసుకోవాల్సి వచ్చింది. 5వ తేదీ పాపకు ఆఖరి రోజు. 18 వరకు ఫీజును మా డిపాజిట్‌లోంచి తీసుకుని, మిగిలిన డిపాజిట్, వాడని నెలల యాక్టివిటీ ఫీజు 18వ తేదీలోగా మా ఖాతాకు పంపగలరు. ఇది మూసివేత వల్ల జరిగినది కనుక నోటీస్ ఫీజు వర్తించదని దయచేసి జవాబుగా రాయండి."

ఫోన్‌లో "సరే సరే" అంటే సరిపోదు. జవాబు మెసేజ్‌లో రావాలి. ఫోన్‌లోనే చెప్పారనుకోండి, పెట్టేసిన వెంటనే "ఇప్పుడు మీరు ఇలా చెప్పారు, ధన్యవాదాలు" అని మీరే రాసి పంపండి.

కాదంటే? అప్పుడూ మొదటి దారి తెరిచే ఉంటుంది. లేదా 14 రోజుల ఫీజు కట్టేసి, నోటీస్ ఫీజుకు అభ్యంతరం రాతలో చెప్పి, 5 తర్వాత తీసుకెళ్లిపోవచ్చు. అలా చేస్తే డిపాజిట్ కోసం తర్వాత వినియోగదారుల కమిషన్‌లోనో, చిన్న మొత్తాల కోర్టులోనో తిరగాల్సి రావచ్చు. గెలవొచ్చు, కానీ నెలలు పడుతుంది. అప్పటికి వాళ్ల దగ్గర డబ్బుంటుందన్న హామీ లేదు. యాక్టివిటీ ఫీజు కార్డుతో కట్టి ఉంటే ఇంకో సౌకర్యం ఉంది. డబ్బు తీసుకుని సేవ ఇవ్వలేదని మీ బ్యాంకులో చార్జ్‌బ్యాక్, అంటే కార్డుతో కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని, అడగొచ్చు. వీసా, మాస్టర్‌కార్డ్ రెండింటికీ ఆ పద్ధతి ఉంది. సేవ అందాల్సిన తేదీ నుంచి సాధారణంగా 120 రోజులు గడువు, కాబట్టి వాళ్ల వాయిదాలు వింటూ కూర్చోవద్దు. నగదుగానో, ఖాతా నుంచి ఖాతాకో పంపి ఉంటే అది కుదరదు. ఆటో డెబిట్ పెట్టి ఉంటే ఈ రోజే చూసుకోండి. నర్సరీ మూతపడ్డాక కూడా డబ్బు లాగేసిన కథలు నాకు ఉత్తరాల్లో వస్తుంటాయి.

మిగతా తల్లిదండ్రులతో కూడా ఒకసారి మాట్లాడండి. పదిమంది విడివిడిగా తిట్టుకునే గ్రూపు వల్ల ఉపయోగం లేదు. డిపాజిట్లన్నీ ఏ తేదీకి ఇస్తారు అని అందరి తరఫునా ఒకే ఉత్తరం వెళ్తే, దానికి వచ్చే జవాబును బట్టే అక్కడ డబ్బుందో లేదో తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ అసలు బాధ. లెక్కలు అడగడం నీచమా? ఆవిడ కన్నీళ్లు అబద్ధమని నేననను. ఏళ్లతరబడి పెంచుకున్నదాన్ని మూసేయడం ఎవరికైనా గుండె కోతే. కానీ మీ చెయ్యి పట్టుకుని ఏడ్చిన మనిషీ, పూర్తి నెల బిల్లు పంపిన సంస్థా ఒకటే. మొదటి ఆమెను ఓదార్చండి, రెండో దానికి లెక్క రాయండి. రెండింటినీ ఒకే సంభాషణలో కలపకండి. గేటు దగ్గర డబ్బు మాట ఎత్తొద్దు, మెసేజ్‌లో అనుబంధాల మాట ఎత్తొద్దు. టీచర్ల ముందు అసలే వద్దు. వాళ్ల జీతాలు కూడా ఇదే సంచిలోంచి రావాలి, వాళ్లకూ 23 రోజుల ముందు మాత్రమే తెలిసి ఉంటుంది. ఆ టీచరుకు మీ తరఫున ఒక మంచి సిఫారసు ఉత్తరం రాసివ్వండి. వేరే ఉద్యోగం వెతుక్కునే మనిషికి అది బహుమతి కన్నా బాగా పనికొస్తుంది.

బయటికొచ్చే ముందు పాప కాగితాలు తెచ్చుకోండి: టీకాల నకలు, ఎలర్జీ వివరాలు, నిద్రకూ తిండికీ రాసుకున్న రోజువారీ నోట్సు. పాపను తీసుకెళ్లడానికి అనుమతి ఉన్న వాళ్ల జాబితాలో మీ ఫోన్ నంబర్లూ, గుర్తింపు కార్డుల నకళ్లూ ఉంటాయి. అవి ఏం చేస్తారో అడగండి. వాళ్ల పేజీల్లో పాప ఫొటోలుంటే తీసేయమనండి.

కొత్త చోట సంతకం పెట్టేముందు ఒకే ప్రశ్న: "మీరే మూసేయాల్సి వస్తే ఎన్నాళ్ల ముందు చెబుతారు, డిపాజిట్ ఎన్ని రోజుల్లో ఇస్తారు?" అగ్రిమెంట్‌లో లేకపోతే చేత్తో రాయించి ఇద్దరూ సంతకం చేయండి. నవ్వుతారేమో. నవ్వనివ్వండి.

పాపకు మాత్రం ఇప్పుడే చెప్పకండి. మూడేళ్ల పిల్లకు వారం అంటే చాలా దూరం. బుధవారమో గురువారమో చెప్పండి, "శుక్రవారం టీచరుకు టాటా, ఆ తర్వాత కొత్త స్కూలు" అని. అంతకు ముందే ఒక సాయంత్రం కొత్త చోటికి తీసుకెళ్లి, గంటసేపు ఆడనిచ్చి తీసుకురండి. పాత చోట మధ్యాహ్నం కప్పుకునే దుప్పటి ఉతక్కుండా అలాగే కొత్త చోటికి పంపండి. 8వ తేదీ పొద్దున దాని వాసన పాపకు తోడుంటుంది.